గోడలకు కట్టిన బొంతలు

ఆ వానాకాలం మా ఇంట్లో ఒంటిమీద ఉన్నవి తప్ప మిగతా బట్టలన్నీ గోడలెక్కాయి. దుప్పట్లు, బొంతలు, కిటికీ తెరలు, మా అత్తగారి పెళ్ళినాటి తివాచీ, చివరికి మిల్లు నుంచి తెచ్చిన గోనె సంచులు కూడా. మేడమీదికి తొంగిచూసిన పక్కింటావిడ దుప్పట్ల వ్యాపారం మొదలెట్టారా అని అడిగింది. అవునన్నాను. అందరికీ ఉన్నదున్నట్టు చెప్పే ఓపిక నాకు మొదటినుంచీ లేదు.

ఉన్నదేమిటంటే, ఆ దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఏలూరులో మా అమ్మాయి సాహితి తొలి కచేరీ. పక్కన వయొలిన్ మీద వాళ్ళ నాన్న. ఈ రెండో ముక్క లేకపోతే మొదటి ముక్కకి మా ఇంట్లో అర్థమే లేదు. పిల్ల కడుపులో ఉన్నప్పుడే మా ఆయన అనుకున్న మాట అది. ఆడపిల్ల పుడితే పాట నేర్పిస్తాను, తొలి కచేరీకి పక్కన నేనే కూర్చుంటాను అని. మగపిల్లాడు పుడితే ఏం చేస్తారని అడిగితే, వాడికీ పాటే నేర్పిస్తానన్నారు.

మా ఆయన పేరు వీర్రాజు. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో ఆపరేటరు. చుట్టుపక్కల మాత్రం వయొలిన్ వీర్రాజు అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. శ్రీరామనవమి పందిళ్ళలో, హరికథల్లో, పెళ్ళిళ్ళలో పక్కవాద్యం కావాలంటే ముందు ఆయనకే కబురొచ్చేది. పగలంతా మిల్లు రొద, సాయంత్రం వయొలిన్. మిల్లులో మిగతావాళ్ళు చెవుల్లో దూది పెట్టుకునేవారు. ఈయన పెట్టుకునేవారు కాదు. బేరింగు పోయేముందు సన్నగా ఏడుస్తుందట, ఆ ఏడుపు అందరికన్నా ముందు ఈయనకే వినపడేదట. యజమాని నలుగురిలో మెచ్చుకుంటే ఆ రోజు ఇంట్లో కూర ఎలా ఉన్నా తినేసేవారు. అలా ఇరవై ఏళ్ళకి పైగా మిల్లుని కూడా సంగీతం విన్నంత శ్రద్ధగా విన్నారు. విని విని, చెవులు అక్కడే వదిలేసి వచ్చారు.

దానికి ముందు ఎండాకాలం ఏలూరులో డాక్టరు రెండు చెవులకీ మిషన్లు పెట్టాడు. అవి పెట్టుకున్నాక కింద వంటింట్లో నేను గొణుక్కున్నవి కూడా ఆయనకి వినపడ్డాయి. కొన్నాళ్ళు అదో ఇబ్బంది. మేడమీద గదిలో మాత్రం అంతా కలగాపులగం అయిపోయేది.

ఆ గదిని ఆయన పాట కోసమే కట్టించారు. వానాకాలం గోడలకి చెమ్మ పడుతుంది, టైల్స్ వేయించుకోండి అని మేస్త్రీ చెప్పాడు. మా వైపు ఎవరింట్లోనైనా గోడలకి టైల్స్ పడ్డాయంటే ఆ ఇల్లు ఓ మెట్టు ఎక్కినట్టే. ఈయన సరదా కొద్దీ నేల మీద, గోడలకి, తలుపు ఎత్తు దాకా, తళతళలాడే తెల్ల టైల్స్ వేయించారు. మరక పడినా గుడ్డతో తుడిస్తే పోతుందని నేనూ సంతోషించాను. ఆ గదిలో ఒక్కసారి చప్పట్లు కొడితే ట్రింగుమని నాలుగు మూలలా తిరిగేది. చెంచా కింద పడితే గుడి గంట.

"దుర్గా, ఇందులో నాకు పాట వినపడట్లేదు. పాట వెనకాల ఇంకో పాట వినపడుతోంది," అన్నారు ఒకరోజు మిషను చెవి నుంచి తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ.

ఆషాఢంలో సాహితి గురువుగారు అమరేశ్వరరావు మాస్టారు ఏలూరు నుంచి వచ్చారు, తండ్రీ కూతుళ్ళ సాధన ఎలా సాగుతోందో చూడడానికి. ఆయన చాలా మెత్తని మనిషి. కాఫీలో పంచదార మరిచిపోయి ఇచ్చినా బాగుందమ్మా అని తాగేస్తారు. ఆరోజు గదిలో కూర్చుని కళ్ళు మూసుకుని విన్నారు. ఒక కీర్తన అయింది, రెండోదీ అయింది. కళ్ళు తెరిచి చాలాసేపు పైపంచె సర్దుకున్నారు.

"వీర్రాజు గారూ, అమ్మాయి శ్రుతి కాస్త అటూ ఇటూ అవుతోందండి," అన్నారు చివరికి.

"నాకూ అలాగే అనిపిస్తోందండి మాస్టారూ. గొంతు నిలబడట్లేదు."

"గదిలో మోత ఎక్కువగా ఉంది కదండీ. ఆ మోతలో ఎవరికి ఎవరు వినపడతారు చెప్పండి. ముందు ఈ గది సంగతి చూడండి. అప్పటికీ సర్దుకోకపోతే కచేరీ వచ్చే ఏడు పెట్టుకుందాం. తొందరేముందండీ."

సాహితి తల వంచుకుని ఓణీ కొంగు వేలికి చుట్టుకుంటోంది. మా ఆయన ముఖం మాత్రం వెలిగింది. తప్పు గదిదని తేలిపోయింది. గదిని బాగుచేయడమంటే మనుషులతో అయ్యే పని. మాస్టారిని రైలెక్కించి వచ్చిన సాయంత్రమే నిచ్చెన తెచ్చి గోడకి ఆనించారు.

ఫోనులో ఎవరో చెప్పారట, గుడ్డలు శబ్దాన్ని పీలుస్తాయని. అది నాకు వేరే చెప్పక్కర్లేదు. నేను చీరలకి ఫాల్ కుడతాను, ఏ గుడ్డ ఎన్ని నీళ్ళు పీలుస్తుందో, ఏది ఎంత మోస్తుందో నా చేతికి తెలుసు. కాని టైల్స్‌కి మేకు దిగదు. మొదటి మేకుకే ఒక టైలు పగిలింది, రెండోదానికి ఆయన వేలు. చివరికి కిటికీ కమ్మీలకీ స్లాబు కొక్కేలకీ తాళ్ళు కట్టి, వాటిమీద వేలాడదీశాం. మొదట మిల్లు నుంచి గోనె సంచులొచ్చాయి. వాటితోపాటు బియ్యం పురుగులు కూడా వచ్చాయి. మర్నాడు పొద్దున్న మా అత్తగారి మంచం మీద, దేవుడి పటాల మీద, పెరుగు గిన్నె మీద పురుగులే.

మా అత్తగారి పేరు బాలాత్రిపురసుందరి. ఆ పేరుకి తగ్గ దర్జా ఆవిడకి ఇప్పటికీ ఉంది.

"ఏమ్మాయ్, పాట నేర్చుకునేది పిల్లా, పురుగులా?" అంది చీపురు నా చేతికిస్తూ.

గోనెలు వెనక్కి వెళ్ళాయి. దుప్పట్లు ఎక్కాయి. చాల్లేదు. ఉన్న కాసిని పల్చటి దుప్పట్లతో ఆ టైల్స్ లొంగేలా లేవు. అప్పుడు నాకు మా అమ్మ బొంతలు గుర్తొచ్చాయి.

మా పుట్టిల్లు కొల్లేటి గట్టున. అమ్మ పోయి చాలా ఏళ్ళయినా ఆవిడ కుట్టిన బొంతలు ట్రంకుపెట్టెలో అలాగే ఉన్నాయి. నేను వెళ్ళేసరికి వాన కురిసి వెలిసింది. చేపల చెరువుల గట్లు బురదబురదగా ఉన్నాయి, వాటికి అవతల కొల్లేరు నిండి ఆకాశంతో కలిసిపోయి ఉంది. తమ్ముడు గోపీచంద్ చెరువులో మేత వేయించి వచ్చి, పెట్టె ముందు కూర్చున్న నన్ను చూసి నవ్వాడు.

"గోడలకి బొంతలేంటక్కా, గోడలకి చలేస్తోందా?"

"మీ బావగారి చెవులకిరా."

వాడి నవ్వు ఆగిపోయింది. కాళ్ళు కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పూర్తిగా పోతాయంటావా?"

"పోనివ్వం," అన్నాను, అదేదో నా చేతిలో ఉన్నట్టు.

బొంతల్లో అమ్మ పాత చీరలన్నీ ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి వేసి, దగ్గరదగ్గరగా కుట్టు వేసి, ఒక్కోటి ఎత్తితే చెయ్యి నొప్పెట్టేంత బరువు. అన్నిటికన్నా అడుగున చిన్నది ఒకటి దొరికింది. సాహితి పుట్టినప్పుడు పొత్తిళ్ళలో వేసిన పురుటి బొంత. అది గోడకి ఏమూలకీ సరిపోదు. అయినా మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బొంతలు వచ్చాక గది వినడం మొదలెట్టింది. గోడకి అంటించినట్టు బిగించి కడితే లాభం లేదని, కాస్త ఎడం ఉండాలని కట్టి విప్పి తెలుసుకున్నాం. సాగదీసి కట్టినదానికంటే వదులుగా కుచ్చిళ్ళు పెట్టినది ఎక్కువ పనిచేస్తోందని నేనే కనిపెట్టాను. ఇంకేముంది, గదికి చీర కట్టినట్టు కుచ్చిళ్ళు పెట్టుకుంటూ పోయాను. ఒక మూల బూరుగు దూది పరుపు నిలబెట్టాం. తలుపుకి లోపలివైపు అమ్మ పెద్ద బొంత తెరలాగా కట్టాం. రోజూ సాయంత్రం ఆయన మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టడం, మేం ముగ్గురం గోడల్ని వినడం. మా అత్తగారికి కూడా అదో సరదా అయిపోయింది. "ఈశాన్యం మూల ఇంకా మోగుతోందిరా" అని కింద నుంచే కేకేసేది.

నేల ఒక్కటీ మిగిలింది. దానిమీద ఏం పరవాలో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. మా అత్తగారి మంచం కింద వేపాకు వేసి చుట్టిపెట్టిన ఏలూరు తివాచీ ఉంది. ఆవిడ పెళ్ళిలో పీటల ముందు పరిచినది. నా పెళ్ళికి కూడా బయటికి తియ్యలేదు. శ్రావణ శుక్రవారం పేరంటం అయ్యాక ఆవిడే కొడుకుని పిలిచింది.

"మీ నాన్న కచేరీ చెయ్యలేదు, చేస్తే దీనిమీదే కూర్చోబెట్టేదాన్ని. తీసుకుపో. చెప్పులతో తొక్కావంటే మాత్రం ఊరుకోను."

తివాచీ పరిచి, తలుపు వేసి, ఆయన చప్పట్లు కొట్టారు. చప్పుడు కొట్టిన చోటే పడిపోయింది, తడిగుడ్డ నేలమీద పడేసినట్టు. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"దుర్గా, ఏదైనా మాట్లాడు."

"ఏం మాట్లాడనండీ?"

"ఏదో ఒకటి."

"అన్నం వార్చాలి, పప్పులో తాలింపు పెట్టాలి, మీరు ఇక్కడ నన్ను నిలబెట్టేశారు."

"అన్నం వార్చాలి. పప్పులో తాలింపు," అన్నారు గోడవైపే చూస్తూ. నా పెదాలు చూడకుండా నా మాట ఆయనకి అంది ఎన్నాళ్ళయిందో. నేను గబగబా కిందికి వచ్చేశాను. ఏడుస్తూ తాలింపు పెట్టడం నాకు అలవాటు లేదు. ఆరోజు పెట్టాను.

ఆ తర్వాత నుంచి నా కుట్టుపని కూడా మేడమీదికి మార్చుకున్నాను. శ్రావణమాసం చీరలు గుట్టగా ఉన్నాయి. వాళ్ళు సాధన చేస్తుంటే ఓ మూల కూర్చుని ఫాల్ కుట్టుకునేదాన్ని. నాకు సంగీతం రాదు. రాగాల పేర్లు చెప్పమంటే రెండు చెప్పి ఆగిపోతాను. కాని అంచూ ఫాలూ కలిపి పట్టుకుంటే రెండూ సమంగా ఉన్నాయో, ఒక దారం పోగు తేడాలో ఉన్నాయో నా వేళ్ళు చెప్పేస్తాయి. గదిలో మోత పోయాక చెవి కూడా అలాగే చెప్పడం మొదలెట్టింది. పిల్ల ఒక్కతే శ్రుతిపెట్టె పెట్టుకుని పాడినంతసేపూ రెండూ సమంగా ఉండేవి. వాళ్ళ నాన్న కమాను తీగ మీద వెయ్యగానే పిల్ల గొంతు మెల్లగా పక్కకి జరిగేది.

"అదిగో, మళ్ళీ. నిలబడట్లేదు నీ గొంతు. ఇప్పుడు గది మోత కూడా లేదుగా, ఇంకేం చెప్పుకుంటావు?" అనేవారు ఆయన.

"సరే నాన్నా, మళ్ళీ పాడతాను," అనేది.

మళ్ళీ పాడేది, మళ్ళీ జరిగేది. ఆయనకి కోపం పెరిగేది. మంచి మనిషే గాని, కచేరీ దగ్గరపడే కొద్దీ మాటల్లో ములుకులు వచ్చాయి. ఒకరోజు కమాను తొడమీద కొట్టుకుని, "నీకు శ్రద్ధ లేదు" అనేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల కాలేజీ నుంచి వచ్చి కాఫీ అయినా తాగకుండా మేడెక్కుతోంది, దానికి శ్రద్ధ లేదట.

మర్నాడు మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. నేనూ సాహితీ డాబామీద ఆరేసిన బట్టలు తీస్తున్నాం. అడిగేశాను.

"ఒక్కదానివీ పాడినప్పుడు బాగానే ఉంటున్నావు. నాన్న వాయించగానే ఎందుకే అలా అయిపోతున్నావు?"

అది దుప్పటి రెండు కొసలూ కలిపి మడత పెట్టింది. మడిచినదాన్నే మళ్ళీ మడిచింది.

"నాకేం అవ్వట్లేదమ్మా. నాన్న ఎక్కడుంటే నేనక్కడికి వెళ్తున్నాను."

"అంటే?"

"నాన్న వేళ్ళు సరైన చోట పడట్లేదు. కొంచెం పైకి పడుతున్నాయి. ఆయనకి తెలియట్లేదు. నేను సరిగ్గా నిలబడి పాడితే ఆయన తప్పు అందరికీ వినపడిపోతుంది. ఇద్దరం ఒకేచోట ఉంటే, పిల్ల కదా, దానికే రావట్లేదు అనుకుంటారు."

"మాస్టారు కచేరీ ఆపేస్తానన్నారు కదే."

"ఆపితే ఆపుతారు. నాన్న పక్కన లేకుండా నాకెందుకమ్మా కచేరీ?"

చినుకులు పెద్దవయ్యాయి. దుప్పట్లు గుండెలకి హత్తుకుని ఇద్దరం మెట్ల మీద నిలబడిపోయాం. పదిహేడేళ్ళ పిల్ల. తిట్లు తింటూ, తన గొంతుని తానే పాడుచేసుకుంటూ, తండ్రిని కాపాడుకొస్తోంది. దగ్గరికి తీసుకోవాలో, రెండు అంటించాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చొక్కా బాగాలేదని, హరికథలో నిద్రపోయారని మొహం మీదే చెప్పినదాన్ని. ఈ మాట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. రేపు చెప్తాను అనుకున్నాను. రేపు కూడా అలాగే అనుకున్నాను.

చెప్పాల్సిన అవసరం రాలేదు. భాద్రపదంలో ఓ మధ్యాహ్నం మిల్లుకి కరెంటు పోయి ఆయన పెందలాడే ఇంటికొచ్చారు. ఆ సంగతి మాకు తెలియదు. సాహితి శ్రుతిపెట్టె పెట్టుకుని పాడుకుంటోంది. నేను సూదిలో దారం ఎక్కిస్తూ తల వంచితే, తలుపుకి కట్టిన బొంత కింద ఆయన పాదాలు కనపడ్డాయి. వేళ్ళమీద మిల్లు తవుడు అంటుకుని ఉంది. ఆ పాదాలు ఎంతసేపటినుంచి అక్కడున్నాయో తెలియదు. పల్లవి అయింది, అనుపల్లవి అయింది, అవి కదల్లేదు.

అప్పుడు బొంత తప్పించుకుని లోపలికి వచ్చారు. పిల్ల ఆగిపోయింది.

"ఆపకు. పంచమం పట్టుకో," అని వయొలిన్ తీసుకుని కూర్చున్నారు.

అది పంచమం పట్టుకుంది. ఆయన కమాను వేశారు. దాని గొంతు జరిగింది. ఆయన కమాను తీశారు. గొంతు వెనక్కి వచ్చింది. మళ్ళీ వేశారు, మళ్ళీ జరిగింది. ఆయన శ్రుతిపెట్టె శబ్దం పెంచి, కళ్ళు మూసుకుని, మూడోసారి వేశారు. శ్రుతిపెట్టె కదలదు. తీగ మీద ఆయన వేలూ కదల్లేదు. శ్రుతిని వదిలి పిల్ల గొంతే తన వేలు దగ్గరికి జరిగి వస్తోందని వినపడడానికి ఆ గదిలో ఇప్పుడు అడ్డేమీ లేదు.

ఆయన కమాను ఒళ్ళో పెట్టుకున్నారు. తీగల్ని గుడ్డతో పైనుంచి కింది దాకా తుడిచారు. సాహితి ఆయన ముఖంలోకి చూడలేక తివాచీ మీది పువ్వుల్ని చూస్తోంది.

"వాన వచ్చేలా ఉంది దుర్గా. ఆరేసినవి తీశావా?" అన్నారు.

"తీశానండి," అన్నాను.

ఆరోజు నాకు ఆ బొంతల మీద వచ్చినంత కోపం ఇంకెప్పుడూ ఎవరి మీదా రాలేదు. ఆ గది అలాగే మోగుతూ ఉంటే ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు. ఒక్కో కుచ్చీ నా చేత్తో పెట్టాను, ఆయన పాట ఆయనకి వినపడాలని.

ఆదివారం ఆయన ఒక్కరే ఏలూరు వెళ్ళి వచ్చారు. ఎందుకని నేను అడగలేదు. సాయంత్రం మాస్టారే ఫోన్ చేశారు.

"వీర్రాజు గారు వచ్చారమ్మా. అత్తిలిలో పృథ్వీ అని మా శిష్యుడొకడున్నాడు, కచేరీకి వయొలిన్ అతన్ని పెట్టమన్నారు. అమ్మాయికి ఏ లోటూ లేదు, లోటు నాదండీ అన్నారు."

"మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"ఆరోజు మీ ఇంటికి వచ్చినప్పుడే తెలిసిందమ్మా. అంతటి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎలా అంటాను? అందుకని గది మీద పెట్టేశాను. గది ఏమీ అనుకోదు కదమ్మా."

ఆయన మర్యాదకి మా ఇంటి దుప్పట్లన్నీ గోడలెక్కాయన్నమాట. నాలుగు మాటలు అనాలని నోటిదాకా వచ్చింది. కాని నేను మాత్రం ఏం చేశాను? నోరుమూసుకుని ఫాల్ కుట్టుకుంటూ కూర్చున్నాను. "ఉంటానండి" అని ఫోన్ పెట్టేశాను.

సాహితి పాడనంది. అన్నం ముందు నుంచి లేచిపోయింది. కాలేజీ మానేసింది. మా అత్తగారు దిష్టి తీసింది, బతిమాలింది, తిట్టింది. చివరికి ఆయనే మేడెక్కి దాని పక్కన కూర్చున్నారు. నేను మెట్ల మీద నిలబడ్డాను.

"వయొలిన్ పోతే పోయిందమ్మా. ఎలాగూ ఈ చెవులతో ఎన్నాళ్ళు? దాంతోపాటు నీ పాట కూడా పోతే నాకింకేం మిగులుతుంది చెప్పు."

అది ఏదో అంది, వినపడలేదు.

"నేను ముందు వరసలో కూర్చుంటాను. నన్ను చూస్తూ పాడు," అన్నారు.

అలాగే ముందు వరసలో కూర్చున్నారు, ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని. మూలా నక్షత్రం, సరస్వతీదేవి అలంకారం, ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ ఏలూరు పందిరికి పైన రేకులు, నాలుగు వైపులా లౌడు స్పీకర్లు, పక్క వీధిలో ఇంకో పందిరి, అందులో ఇంకో పాట. సాహితి గొంతు విప్పింది. అత్తిలి కుర్రాడు బుద్ధిగా వెనకాలే నడిచాడు. పిల్ల ఎక్కడా జరగలేదు. మా అత్తగారు పక్కవాళ్ళకి "మా మనవరాలు" అని అడక్కుండానే చెబుతోంది. నేను ఈయన వైపు చూశాను. ఆయన చెవుల్లోంచి రెండు మిషన్లూ తీసి పిడికిట్లో పట్టుకుని కూర్చున్నారు. ఆ రేకుల కింద అవి పెట్టుకుంటే మోత తప్ప ఏమీ ఉండదు. పిల్ల తనవైపు చూసినప్పుడల్లా తల ఊపుతున్నారు.

తిరుగు రైల్లో అందరూ అడిగినట్టే నేనూ అడిగాను, అమ్మాయి ఎలా పాడిందని.

"చాలా బాగా పాడింది. చెయ్యి చూస్తూనే ఉన్నాను, తాళం ఎక్కడా తప్పలేదు," అన్నారు.

నవమి రోజు ఆయుధపూజలో నా కుట్టుమిషనుకి, ఆయన మిల్లు స్పానర్లకి, వయొలిన్‌కి బొట్లు పెట్టాం. దశమి పొద్దున్న మిషను మీద నేనో కుట్టు వేశాను. ఆయన స్పానర్లు సంచిలో సర్దుకున్నారు. వయొలిన్ పట్టుగుడ్డ కప్పుకుని, కుంకుమ బొట్టుతో అలాగే ఉండిపోయింది. ఆయన దాన్ని దాటుకుని వచ్చి సాహితి దగ్గర నిలబడ్డారు.

"ఆరోజు పాడినవి ఓసారి గదిలో పాడతావామ్మా? నేను వినలేదు," అన్నారు.

నలుగురం పైకి వెళ్ళాం. మా అత్తగారు పరుపుకి చేరగిలబడింది. కిటికీలు మూసేసరికి మిగతా ఊరంతా ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. సాహితి తివాచీ మీద కూర్చుంది. ఎదురుగా ఆయన, మిషన్లు పెట్టుకుని. ఎక్కడా కట్టడానికి కుదరని పురుటి బొంత మడత ఆయన పక్కనే ఉంది.

మైకు లేదు, మృదంగం లేదు, జనం లేరు. అది వర్ణంతో మొదలుపెట్టి ఒక్కోటే పాడుకుంటూ వచ్చింది. ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. పెద్ద కీర్తన వచ్చేసరికి, తనకి తెలియకుండానే, ఎడమచేతి వేళ్ళు కుడి ముంజేతి మీద తీగలున్నట్టుగా నడవడం మొదలెట్టాయి. సాహితి చూపు ఆ వేళ్ళ మీద పడింది. దాని గొంతు అలవాటు కొద్దీ మెల్లగా పక్కకి జరిగింది.

ఆయన విన్నారు. వేళ్ళు ఆగిపోయాయి. పక్కనున్న పురుటి బొంత మడత విప్పి, ఎడమచెయ్యి దాని కిందికి పెట్టేసుకున్నారు.

"నువ్వున్న చోటే ఉండమ్మా. నేను రాగలిగితే నేనొస్తాను," అన్నారు.

గొంతు వెనక్కి వచ్చి నిలబడింది. కీర్తన అయ్యేదాకా ఆ చెయ్యి బొంత కిందే ఉంది.

పుష్యమాసంలో చలి బాగా ముదిరింది. ఇంట్లో ఒంటికి కప్పుకోవడానికి నా నేత చీరలు తప్ప ఏమీ లేవు. ఒక తెల్లవారుజామున మా అత్తగారు మంచం మీద ముడుచుకుని ఉంటే, మేడమీద గోడ నుంచి మీ దుప్పటి ఒక్కటీ విప్పి తెస్తానన్నాను.

"ఉండనీ అమ్మాయ్, నాకు ఉక్కగానే ఉంది," అంది, తువ్వాలు తలకి ఇంకో చుట్టు చుట్టుకుంటూ.